హుమాయూన్ సమాధి చూడటం ఎలా: గేటు నుంచి గుమ్మటం దాకా

ఢిల్లీలో హుమాయూన్ సమాధికి వెళ్లేవాళ్లలో చాలామంది ముప్పావు గంటలో బయటికి వచ్చేస్తారు. గేటు దాటి తిన్నగా నడిచి, మెట్లెక్కి, లోపలి గదిలో ఒంటరిగా ఉన్న పాలరాతి గోరీని చూసి, "ఇంతేనా?" అనుకుంటూ దిగిపోతారు. నిజమే, ఆ గది దాదాపు ఖాళీ. ఈ కట్టడం గొప్పదనమంతా ఆ గదికి చేరే దారిలో ఉంది, చుట్టూ పరిచిన తోటలో ఉంది, కాళ్లకింది వేదికలో ఉంది, తలెత్తి చూస్తే కనిపించే గుమ్మటంలో ఉంది. అందుకే దీన్ని ఒక వరుసలో, ఆగాల్సిన చోట ఆగుతూ చూడాలి. కనీసం రెండున్నర గంటలు పెట్టుకోండి. మూడైతే హాయిగా సరిపోతుంది.

ముందు కాస్త చరిత్ర, ఎందుకంటే ఇది తెలియకపోతే దారిలో కనిపించేవి ఒకదానికొకటి అతకవు. మొఘల్ చక్రవర్తుల్లో రెండోవాడు హుమాయూన్. 1556 జనవరిలో ఢిల్లీ పాతకోట పురానా ఖిలాలోని షేర్ మండల్ అనే భవనం మెట్ల మీంచి జారిపడి, ఆ దెబ్బలతోనే పోయాడు. సమాధి వెంటనే లేవలేదు. పెద్ద భార్య బేగా బేగం పూనుకుని, అక్బర్ ఏలుబడిలో 1560లలో పని మొదలుపెట్టించింది. 1570 ప్రాంతానికి కట్టడం నిలబడింది. ఆమె హజ్ యాత్ర చేసింది కాబట్టి హాజీ బేగం అని కూడా అంటారు. అక్బర్ తల్లి హమీదా బానూ వేరే ఆవిడ. చెప్పేవాళ్లు కొందరు ఈ ఇద్దరినీ ఒకరిని చేసేస్తుంటారు, జాగ్రత్త. రూపకల్పన మీరక్ మీర్జా గియాస్‌ది. ఆయన తర్వాత కొడుకు సయ్యద్ ముహమ్మద్ పని ముగించాడు. ఉపఖండంలో తోట నడిమధ్య సమాధి కట్టే పద్ధతి ఇక్కడే మొదలైంది. తాజ్ మహల్ పునాది పడటానికి ఇంకా అరవై ఏళ్లుంది. 1993లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చోటు ఎంపికకు కారణం పక్కనే ఉంది. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా దర్గా ఇక్కడికి కూతవేటు దూరం. ఆయన 1325లో పోయారు. ఆ మహనీయుడి దగ్గర్లో మట్టి కావడం పుణ్యమనే నమ్మకంతో ఈ ప్రాంతమంతా శతాబ్దాల పాటు సమాధులు లేచాయి. తూర్పున అప్పట్లో యమున గోడను ఆనుకునే పారేది.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా చేరాలి

సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచి ఉంటుంది. శుక్రవారం మూసేది తాజ్ మహల్, ఇది కాదు. అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా మంచి కాలం. అయితే డిసెంబరు ఆఖరు, జనవరి నెలల్లో పొద్దున పొగమంచు పడితే గుమ్మటం కాదు కదా, ఎదుటి చెట్టు కూడా కనిపించదు. ఆ రోజుల్లో పది దాటాక వెళ్లడం మేలు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య అయితే గేటు తెరిచిన వెంటనే వెళ్లి తొమ్మిదిన్నరకల్లా వేదిక దిగిపోండి. పైన ఎక్కడా నీడ లేదు, ఆ రాయి ఎండకు కాలిపోతుంది. వానాకాలంలో నున్నగా అరిగిన మెట్ల మీద కాలు జారుతుంది, పట్టున్న చెప్పులో బూట్లో వేసుకోవాలి.

వెలుతురు లెక్క కూడా చూసుకోవాలి. మీరు లోపలికి వెళ్లేది పడమటి ద్వారంలోంచి. అంటే ఉదయం సూర్యుడు సమాధి వెనక ఉంటాడు, ఎదురుగా కనిపించే ముఖం నీడలో నల్లబడి ఉంటుంది. ఆ ముఖం ఎర్రగా వెలగాలంటే మధ్యాహ్నం మూడు దాటాలి. పొద్దున్నే వెళ్లేవాళ్లు నిరాశపడక్కర్లేదు, సమాధిని చుట్టి తూర్పు తోటలోకి వెళ్తే అటు ముఖం మీద లేత ఎండ నిండుగా పడుతుంది. జనం కూడా అటు తక్కువ. చలికాలంలో దక్షిణపు ముఖానికి రోజంతా వెలుతురు ఉంటుంది.

టికెట్ భారతీయులకు 40 రూపాయలు, ఆన్‌లైన్‌లో 35. విదేశీయులకు 600, ఆన్‌లైన్‌లో 550. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజు పురావస్తు శాఖ సైట్‌లో ఒకసారి చూసుకోండి. టికెట్ రాత్రే ఫోన్‌లో తీసి పెట్టుకుంటే గేటు దగ్గర నెట్ కోసం తంటాలు పడక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నాలు కౌంటర్ దగ్గర వరస పొడుగ్గా ఉంటుంది. స్టాండు మీద కెమెరా పెట్టి తీయాలంటే ముందుగా అనుమతి కావాలి. డ్రోన్ సంగతి ఆలోచించనే వద్దు.

సికింద్రాబాద్ రాజధాని, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లు దిగబెట్టేది హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌లో. మ్యాప్‌లో చూస్తే స్టేషన్ సమాధిని ఆనుకునే ఉంటుంది. కానీ అది తూర్పు వైపు, గేటేమో పడమటి వైపు మథురా రోడ్డు దిక్కున. చుట్టూ తిరిగి రావాల్సిందే, సామానుతో నడవకండి, ఆటో ఎక్కండి. పెట్టెలు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో వదిలేయడం ఉత్తమం. మెట్రోలో వచ్చేవాళ్లు వయొలెట్ లైన్‌లో జేఎల్ఎన్ స్టేడియం దగ్గర దిగి, అక్కడి నుంచి సుమారు రెండు కిలోమీటర్లు ఆటోలో రావచ్చు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఒక మాట. తోటలో దారులు చదునుగా ఉంటాయి, వాళ్లు ఎంతసేపైనా తిరగొచ్చు. పై వేదికకు మాత్రం మెట్లు తప్ప మరో దారి లేదు. ఆ మెట్లు మన ఇళ్లలో ఉన్నవాటికంటే ఎత్తు. ఎక్కడం కంటే దిగడం కష్టం. ఎక్కలేనివాళ్లకు ఈసా ఖాన్ సమాధి, తోట, కాలువలు చాలు, వాటితోనే పూట నిండుగా గడుస్తుంది.

నేరుగా వెళ్లకండి, ముందు కుడివైపు

టికెట్ చూపించి లోపలికి రాగానే కుడిచేతి వైపు ఒక చిన్న ద్వారం, దాని వెనక ఎనిమిది పలకల ప్రహరీ కనిపిస్తాయి. అది ఈసా ఖాన్ నియాజీ సమాధి. తిరిగి వచ్చేటప్పుడు చూద్దాంలే అని చాలామంది దాటేస్తారు. వచ్చేటప్పటికి కాళ్లు లాగుతుంటాయి, చూడరు. దీన్ని ముందే చూడాలి, పది నిమిషాలకు తక్కువ కాకుండా.

ఈసా ఖాన్ షేర్ షా సూరి కొలువులో సర్దారు. హుమాయూన్‌ను గద్దె దింపి దేశం దాటించింది ఆ షేర్ షానే. 1547-48లో కట్టిన ఈ సమాధి హుమాయూన్ సమాధికంటే ఇరవై ఏళ్లు పెద్దది. ఇక్కడ ఏం గమనించాలంటే: కట్టడం ఎనిమిది పలకలుగా ఉంది, చుట్టూతా వసారా, ఒక్కో పలకకు మూడు కమానులు, మూలల్లో వాలుగా దన్నుగోడలు, పైన వానకు అడ్డంగా రాతి చూరు, గుమ్మటం చుట్టూ ఛత్రీలు, అంటే గొడుగుల్లాంటి చిన్న మంటపాలు. గుమ్మటం పొట్టిగా, భుజాలు వెడల్పుగా, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది. లోపలికెళ్లి తలెత్తితే రంగులద్దిన గచ్చు పతకం కనిపిస్తుంది. ప్రహరీకి పడమటి అంచున మసీదు ఉంది. తోట చుట్టుపక్కల నేలకంటే పల్లంలో ఉండటం చూడండి. మరమ్మతులప్పుడు పైన పేరుకున్న మట్టి తీసేస్తేనే ఈ అసలు మట్టం బయటపడింది.

ఈ రూపాన్ని కళ్లలో నిలుపుకోండి. పావుగంట తర్వాత హుమాయూన్ సమాధి ముందు నిలబడినప్పుడు, ఇరవై ఏళ్లలో ఢిల్లీ వాస్తు ఎంత దూరం నడిచిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అక్కడి నుంచి బయటికొచ్చి తిన్నగా నడిస్తే బూ హలీమా తోట ద్వారం, అది దాటాక కుడివైపు ఎత్తైన అరబ్ సరాయి ద్వారం వస్తాయి. సరాయి ద్వారంలోంచి వెళ్తే అఫ్సర్‌వాలా సమాధి, మసీదు. ఎవరో అధికారి సమాధి, పేరు నిలవలేదు. టైముంటే చూడండి, లేకపోతే వదిలేయొచ్చు.

పడమటి ద్వారం దగ్గర ఆగండి

ఇప్పుడు రెండంతస్తుల పడమటి ద్వారం. ఇది అసలు రాజద్వారం కాదు. ఆ గౌరవం దక్షిణ ద్వారానిది, అదిప్పుడు మూసి ఉంది. అయినా ద్వారం చేసే పని ఒకటే. తోటను, సమాధిని చివరి క్షణం దాకా కంటపడనివ్వదు. నడవాలో, చీకటి ఇంకా మీ మీద ఉండగానే ఆగండి. ఎదుటి కమాను చట్రంలో సమాధి మొత్తం ఒక్కసారిగా దిగుతుంది. కలశం కొస కమాను మొనకు సరిగ్గా కిందికి వచ్చేదాకా పక్కకు ఒకటి రెండు అడుగులు జరగండి. అప్పుడు మీరు కట్టడం నడుమ గీత మీద ఉన్నట్టు. ఇక్కడి నుంచి సమాధి దాకా మధ్యకాలువ, మెట్లు, కమాను, గుమ్మటం అన్నీ అదే గీత మీద వస్తాయి.

కమానుల భుజాల మీద ఆరు మొనల నక్షత్రాలు కనిపిస్తాయి. పురానా ఖిలాలోనూ ఇవే ఉన్నాయి. ఆ కాలపు కట్టడాల్లో వాడుకలో ఉన్న అలంకారమిది. వేరే మతాలకు ముడిపెట్టే కథలు ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

తోటను నడిచి కొలవాలి

ద్వారం నుంచి సమాధి వైపు నడుస్తూ గుమ్మటం మీదే చూపు ఉంచండి. ద్వారం దగ్గర అది కట్టడానికి కిరీటంలా నిండుగా ఉంటుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ ముందరి పెద్ద కమాను గోడ వెనకాల దిగిపోతూ, వేదిక అంచుకు చేరేసరికి చాలావరకు మాయమవుతుంది. ఎత్తైన వేదిక ఉన్న ప్రతి కట్టడంలో ఇది జరుగుతుంది. అందుకే మొత్తం రూపం చూడాల్సిన చోటు సగం దారి. అక్కడ ఆగండి, ఫోటో కూడా అక్కడే తీసుకోండి. వేదిక కిందికి వెళ్లి ఫోన్ పైకెత్తి తీస్తే గోడలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. వెనక్కి నడిచి, ఫోన్ నిటారుగా పట్టుకుని తీస్తే గీతలు నిలువుగా నిలుస్తాయి.

ఈ తోట చార్‌బాగ్. రెండు ప్రధాన దారులు తోటను నాలుగు భాగాలు చేస్తాయి, చిన్న దారులు ఆ ఒక్కో భాగాన్ని మళ్లీ తొమ్మిది చదరాలుగా కోస్తాయి. మొత్తం ముప్పై ఆరు. సమాధి నడిమధ్య చోటును ఆక్రమించుకుంది. స్వర్గంలో పారే నాలుగు నదులకు గుర్తుగా నాలుగు దిక్కులా కాలువలు. ప్రధాన కాలువ వేదిక దగ్గర ఆగిపోయి, అవతలి వైపు అదే గీతలో మళ్లీ మొదలవుతుంది. నీళ్లు సమాధి కిందుగా పోయి అటు తేలినట్టు అనిపిస్తుంది. కింద నదులు పారే ఉద్యానాలని ఖురాన్ చెప్పే స్వర్గం ఇదే. ఈ సంగతి తెలియాలంటే సమాధికి ఒక వైపు మాత్రమే చూసి తిరిగిపోకూడదు. పూర్తిగా చుట్టి రావాలి.

కాలువ పక్కన ఒకచోట కూర్చుని నీటిని గమనించండి. కాలువ వెడల్పు తక్కువ, లోతూ తక్కువే. ప్రవాహం ఎంత నెమ్మదిగా ఉంటుందంటే ఒక ఎండుటాకు పడితేనే నీళ్లు కదులుతున్నట్టు తెలుస్తుంది. 1999 నుంచి 2003 మధ్య ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు, పురావస్తు శాఖతో కలిసి ఈ తోటను పునరుద్ధరించినప్పుడు, కాలువల అడుగును 40 మీటర్లకు ఒక సెంటీమీటరు వాలు వచ్చేలా చేత్తో పరిచారు. వాలు కాస్త ఎక్కువైతే నీరు ఒక కొసకు పరుగెత్తి రెండో కొస ఎండిపోతుంది. తక్కువైతే నిలిచి పాచి పడుతుంది. యంత్రాలు లేని రోజుల్లో పదహారో శతాబ్దపు పనివాళ్లు ఇదే సమస్యను ఎదుర్కొని గెలిచారు. ఈ కాలువల ముందు గౌరవంతో ఒక నిమిషం నిలబడటం సబబు.

మొఘలుల బలం తగ్గాక ఈ తోటలో కూరగాయలు పండించారు. 1860లో ఇంగ్లిషు పద్ధతిలో గుండ్రటి పూలమడులు వేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, వైస్రాయి కర్జన్ పూనికతో పాత చదరాలు మళ్లీ తెచ్చారు. 1947 విభజనప్పుడు ఇక్కడ శరణార్థుల శిబిరం నడిచింది. ఆ తాకిడికి తోటా కాలువలూ బాగా దెబ్బతిన్నాయి. ఇప్పుడు మీరు నడిచే పచ్చిక అన్నిటినీ తట్టుకుని మిగిలింది కాబట్టి, కాలువ అంచుల మీద ఎక్కి నడవకండి, పిల్లల్ని నడవనివ్వకండి. ఆ రాతి అంచులు కదిలితే వాలు లెక్క మొత్తం చెడుతుంది.

వేదిక, గోడలు

వేదిక రెండంచెలు. ముందు తక్కువ ఎత్తు అరుగు, దాని మీద కమానుల వరసతో పెద్ద వేదిక. మొత్తం సుమారు ఎనిమిది మీటర్ల ఎత్తు. కమానుల వెనక గదులున్నాయి, వాటిలో చాలాచోట్ల గోరీలు కనిపిస్తాయి. వేదిక మూలలు కొనదేలి ఉండవు, అడ్డంగా కోసి ఉంటాయి. పైన సమాధి మూలలూ అలాగే కోసి ఉంటాయి. కిందిది పైదాన్ని ముందే చెబుతోందన్నమాట.

పడమటి మెట్లెక్కి పైకి వచ్చాక, ఎదురుగా కనిపించే పెద్ద కమానులోంచి లోపలికి దారి ఉండదు. కుడివైపు తిరిగి దక్షిణపు ముఖానికి వెళ్లాలి. వెంటనే వెళ్లిపోకండి, ముందు ఒక ప్రదక్షిణ చేయండి. దూరం నుంచి ఇది చతురస్రపు పెట్టెలా అనిపించింది కదా, దగ్గర నుంచి చూస్తే మూలలు కోసిన అసమాన అష్టభుజి. ప్రతి ముఖం మధ్యలో లోపలికి నొక్కినట్టున్న పెద్ద కమాను, దానికి రెండు పక్కలా ముందుకొచ్చిన రెక్కలు. ప్రతి రెక్క వెనక ఒక మూలగది. నడుస్తూ ఉంటే వెలుగూ నీడా ప్రతి పది అడుగులకూ మారతాయి, లోతు అప్పుడే తెలుస్తుంది.

ఎర్ర ఇసుకరాయి మీద తెల్ల పాలరాతి గీతలు చూడండి. ఎక్కడ కమాను మలుపు తిరుగుతుందో, ఎక్కడ ఒక చట్రం ముగుస్తుందో అక్కడే తెలుపు ఉంటుంది. కట్టడం గీతలను పాలరాయితో గీసి చూపించారు. ఎరుపు తెలుపుల జోడీ కొత్తది కాదు, కుతుబ్ మీనార్ దగ్గర అలాయి దర్వాజాలో 1311 నాటికే ఉంది. ఇక్కడ కొత్తదల్లా ఇంత పెద్ద కొలత, మొత్తం పాలరాయి తొడిగిన ఇంత పెద్ద గుమ్మటం.

పైన చిన్న ఛత్రీల గుమ్మటాల మీద మెరుగుపలకలు ఉన్నాయి. కింది నుంచి కంటికి సరిగా ఆనవు. చిన్న దుర్భిణి ఉంటే తెచ్చుకోండి, లేదా ఫోన్‌లో దగ్గరికి లాక్కుని చూడండి. పాతవి రాలిపోయిన చోట్ల కొత్త పలకలు చేయడానికి ఉజ్బెకిస్తాన్ నుంచి పనివాళ్లు వచ్చి నిజాముద్దీన్ బస్తీ యువతకు నేర్పారు.

గుమ్మటం లోపల ఇంకో గుమ్మటం

దక్షిణపు గుమ్మంలోంచి లోపలి ఎనిమిది పలకల గదికి వెళ్లండి. కళ్లు చీకటికి అలవాటుపడేదాకా కదలకండి. తర్వాత తలెత్తి కప్పును చూడండి, బయట చూసిన గుమ్మటాన్ని గుర్తు చేసుకోండి. రెండూ ఒకటి కావు.

బయటి గుమ్మటం 42.5 మీటర్ల ఎత్తుకు పోతుంది. ఒకే పొర కట్టి ఉంటే, గదిలో నిలబడినవాడికి బావి అడుగున ఉన్నట్టు ఉండేది. గదికి తగ్గట్టు కప్పు కిందికి దించితే తోటలోంచి చూసేవాడికి గుమ్మటం కుంచించుకుపోయేది. ఈసా ఖాన్ సమాధిలో చూసిన పొట్టి గుమ్మటం ఆ రెండో రాజీకి మంచి ఉదాహరణ. ఇక్కడ ఒక గిన్నె మీద పెద్ద గిన్నె బోర్లించినట్టు రెండు పొరలు కట్టి, మధ్యలో ఖాళీ వదిలారు. లోపలి పొర గదికోసం, బయటిది ఆకాశంకోసం. రెండు పొరల గుమ్మటాలు ఢిల్లీలో అంతకుముందూ ఉన్నాయి, సికందర్ లోడీ సమాధిది అలాంటిదే. ఇంత ఎత్తున, పొడుగు మెడ మీద నిలబెట్టింది మాత్రం ఇక్కడే. తాజ్ మహల్ గుమ్మటం ఈ ఆలోచనకు కొనసాగింపు.

గది మధ్య గోరీ ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. తల ఉత్తరానికి, ముఖం పడమరకు, మక్కా దిక్కుకు తిప్పి పూడుస్తారు. మీరు చూసేది గుర్తు గోరీ మాత్రమే. అసలు సమాధి సరిగ్గా దీని కిందుగా నేలమాళిగలో ఉంది, అక్కడికి ప్రవేశం లేదు. పడమటి జాలీలో, అంటే చిల్లుల రాతి తెరలో, మధ్యన మిహ్రాబ్ ఆకారపు గీత కనిపిస్తుంది. మసీదులో మక్కా దిక్కు చూపే గూడును మిహ్రాబ్ అంటారు. మామూలుగా మిహ్రాబ్ మీద అక్షరాలు చెక్కుతారు. ఇక్కడ గీత మాత్రం గీసి, మక్కా దిక్కు నుంచి వెలుతురే లోపలికి వచ్చేలా వదిలేశారు. మధ్యాహ్నం తర్వాత వెళ్లినవాళ్లకు ఇది బాగా కనిపిస్తుంది. ఫోటో తీసేటప్పుడు ఫోన్‌లో జాలీ వెలుగు మీద వేలు ఆనించి దానికే సరిచేయండి, లేకపోతే జాలీ తెల్లటి మచ్చగా మిగులుతుంది.

ఖాళీ గది అని నిరాశపడేవాళ్లకు ఒక సంగతి. 1611లో విలియం ఫించ్ అనే ఇంగ్లిషు వర్తకుడు ఇక్కడికి వచ్చినప్పుడు గదిలో ఖరీదైన తివాచీలు, గోరీ మీద తెల్లటి గుడ్డ, పైన షామియానా, ముందు ఖురాన్ ప్రతులు, వాటి పక్కన హుమాయూన్ కత్తి, తలపాగా, జోళ్లు ఉన్నాయని రాశాడు. అవన్నీ పోయాయి. గది మాత్రం వాటికోసం కట్టినదని గుర్తుంచుకుని చూడండి.

మధ్యగది చుట్టూ ఎనిమిది చోట్లు, నాలుగు మూలల్లో గదులు, నాలుగు దిక్కుల్లో నడవాలు. ఈ అమరికను హష్త్ బిహిష్త్, అంటే ఎనిమిది స్వర్గాలు అంటారు. మూలగదుల్లోకి వెళ్లకుండా వెనుదిరగకండి. అక్కడ కుటుంబ సభ్యుల గోరీలున్నాయి. పైభాగాన్ని గమనిస్తే కొన్నింటి మీద సన్నటి పొడుగాటి దిమ్మ ఉంటుంది, కలాలు పెట్టుకునే కలందాన్ పెట్టె ఆకారంలో. అది మగవారి గుర్తు. కొన్నింటి మీద చదునైన పలక ఉంటుంది, అది ఆడవారి గుర్తు. ఈ ఒక్క తేడా తెలిస్తే మొఘల్ సమాధులు ఎక్కడ చూసినా పనికొస్తుంది.

వేదిక మీద ఆరుబయట కూడా పేర్లు లేని గోరీలు చాలా ఉన్నాయి. ఈ ప్రాంగణంలో మొత్తం నూరుకు పైగా ఉన్నాయని లెక్క. షాజహాన్ పెద్ద కొడుకు దారా షికో, 1659లో ఔరంగజేబు చంపించినవాడు, ఇక్కడే ఉన్నాడు. ఏ గోరీ అతనిదో మాత్రం చరిత్రకారుల్లో ఇంకా తేలలేదు. ఎవరైనా వేలు పెట్టి "ఇదే" అని చూపిస్తే తలూపి ముందుకు సాగండి. 1857 సెప్టెంబరులో ఢిల్లీ ఇంగ్లిషువాళ్ల చేతికి చిక్కాక ఆఖరి చక్రవర్తి బహదూర్ షా జఫర్ తలదాచుకున్నదీ ఇక్కడే. హడ్సన్ అనే సైనికాధికారి వచ్చి పట్టుకెళ్లాడు, తర్వాత రంగూన్ పంపేశారు.

కొత్త రాయి, పాత రాయి

2007 నుంచి 2013 దాకా సాగిన మరమ్మతుల్లో అతి పెద్ద పని సిమెంటును తీసేయడం. వాన కారుతోందని ఇరవయ్యో శతాబ్దంలో కప్పు మీద కాంక్రీటు పోస్తూ పోయారు. అలా పేరుకున్నది సుమారు పది లక్షల కిలోలు. సిమెంటు తేమను లోపలే బిగబడుతుంది, పక్కనున్న రాయికంటే గట్టిగా ఉండి దాన్నే పగలగొడుతుంది, ఆపైన ఆ బరువంతా గోడల మీద. డంగు సున్నం తేమను బయటికి వదులుతుంది, రాయితోపాటు సర్దుకుంటుంది. అందుకే కాంక్రీటంతా చేత్తో కొట్టి దింపి, మళ్లీ సున్నమే వేశారు. వేదిక మీద పరిచిన గట్టి ఢిల్లీ రాళ్లు కూడా కాంక్రీటు కింద పూడిపోయి ఉంటే వెలికితీసి సర్దారు.

గోడల మీద రంగు కొంచెం తేడాగా, అంచులు పదునుగా ఉన్న రాళ్లు కనిపిస్తే అవి మార్చినవి. పాతవి అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి. రెండూ పక్కపక్కనున్న చోట ఆగి చూడటం ఈ కట్టడంలో మంచి చదువు. చూడండి, ముట్టుకోవద్దు. వేళ్ల జిడ్డు ఇసుకరాయిలోకి దిగితే పోదు.

దిగాక

వేదిక దిగి ఆగ్నేయ దిక్కుకు వెళ్తే తోటలోనే నాయీ కా గుంబద్ ఉంది. క్షురకుడి సమాధి అని పిలుస్తారు. లోపల ఒక గోరీ మీద 999 అనే అంకె చెక్కి ఉంది, హిజ్రీ లెక్కలో 1590-91కి సరిపోతుంది. అక్కడి నుంచి తూర్పు గోడ మధ్యనున్న బారాదరీకి, అంటే గాలి ఆడే తెరిచిన మంటపానికి, నడవండి. ఒకప్పుడు యమున గాలి నేరుగా దీంట్లోకే వచ్చేది. ఇప్పుడు అటువైపు రైళ్ల చప్పుడు. ఉత్తరపు గోడ దగ్గర హమ్మాం, అంటే స్నానశాల మంటపం. ఈ రెండూ చూస్తూ వస్తే ప్రదక్షిణ పూర్తయి మళ్లీ పడమటి ద్వారం చేరతారు.

బయట 2024 జులైలో తెరిచిన నేలమాళిగ మ్యూజియం ఉంది, టికెట్ వేరు. సమాధి చూశాకే దీంట్లోకి వెళ్లండి, అప్పుడు నమూనాలు, కొలతలు బాగా అర్థమవుతాయి. 2014 మే 30న వచ్చిన గాలివానకు గుమ్మటం మీంచి విరిగిపడిన పాత కలశం ఇక్కడ ఉంది. ఇప్పుడు గుమ్మటం మీదున్నది 2016లో ఎక్కించినది. కింది నుంచి గోరంత కనిపించిన కలశం పక్కన నిలబడితే గుమ్మటం అసలు కొలత అప్పుడు అర్థమవుతుంది.

ఓపికుంటే అదే రోజు ఇంకో రెండు చూడొచ్చు. మథురా రోడ్డు మీదే కొంచెం దక్షిణంగా అక్బర్ కొలువులోని అబ్దుర్ రహీం ఖాన్-ఎ-ఖానా తన భార్యకోసం 1598లో కట్టించిన సమాధి ఉంది, రహీం సమాధి అనే పిలుస్తారు. హుమాయూన్ సమాధికీ తాజ్ మహల్‌కూ నడుమ మెట్టు అది. తర్వాత ఆటో ఎక్కి అవధ్ నవాబు సఫ్దర్‌జంగ్ సమాధికి, 1754 నాటిది. దాని కోసం రాయి రహీం సమాధి మీంచే ఒలుచుకొచ్చారు. రహీం సమాధి గుమ్మటం మీద పాలరాయి లేని చోట్లు చూసి వెళ్తే, సఫ్దర్‌జంగ్ దగ్గర ఆ తెల్లటి రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది. రెండూ వెలుతురుండగా చూడాల్సినవి కాబట్టి, మధ్యాహ్నం రెండు దాటాక హుమాయూన్ సమాధిలోనే ఉంటే వాటిని మర్నాటికి పెట్టుకోండి.